తొమ్మిది కాదు

యూనివర్సిటీ వెనక గోడను ఆనుకొని, తార్నాక నుంచి లాలాపేట్ వైపు పోయే సందు ఒకటి ఉంది. వారంలో ఆరు రోజులు అది అన్ని సందుల్లాంటిదే. శనివారం పొద్దుగూకిందంటే మాత్రం ఆటోవాళ్ళు ఆ మలుపులోకి బండి తిప్పరు.

కారణం, చివరనున్న పెంకుటిల్లు. దీపం ఉండదు. మనుషుల అలికిడి మాత్రం ఉంటుంది. చీకట్లోంచి ఒక ముసలిగొంతు నిదానంగా లెక్కపెడుతుంది — "ఒకటి కాదు... రెండు కాదు... మూడు కాదు..."

తొమ్మిది దాకా వచ్చి ఆగిపోతుంది.

ఆ తర్వాత నిట్టూర్పులు. చాలా నిట్టూర్పులు, ఒకేసారి.

"పదో మనిషి కోసం చూస్తున్నరన్నా," అని టీకొట్టు దగ్గర ఆటో దేవేందర్ చెప్పేవాడు. "దొరికినోణ్ణి లోపలికి గుంజుకుంటరు. మా బామ్మర్ది ఇంజన్ బంద్ చేసి, ఆటో తోసుకుంటనే ఉరికిండు."

"ఇంజన్ ఎందుకు బంద్ చేసిండ్రా?"

"సప్పుడు ఇంటరని!"

ఆ మాటకు అందరికంటే గట్టిగా నవ్వినవాడు కమలాకర్. యూనివర్సిటీ లైబ్రరీలో ముప్పై ఏళ్ళుగా పుస్తకాలకు బైండింగు చేస్తున్న మనిషి. ఎన్నో కాలాల చరిత్రలను విప్పి కుట్టినవాడు కనుక తనకు దేనికీ భయం లేదని ఆయన నమ్మకం. ఒక నమ్మకం ఎంత గట్టిదో పగటిపూట తెలియదు.

నెల కిందట కృపారాణి అనే డెబ్బై ఏళ్ళావిడ ఒక లావుపాటి పుస్తకం పట్టుకొని ఆయన దగ్గరకు వచ్చింది. "మా ప్రార్థన మందిరం చరిత్ర, బాబూ. మేం యూదులం. కాస్త కుట్టిపెట్టండి. శనివారం మాకు విశ్రాంతి దినం. చీకటి పడ్డాక తెచ్చివ్వండి, అంతకు ముందు మేం ఏ పనీ ముట్టుకోం," అని ఇంటి నంబరు రాసిచ్చింది.

హైదరాబాద్‌లో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారని కమలాకర్‌కు అప్పటిదాకా తెలియదు. కుడుతూ కుడుతూ చదివాడు. యాభై ఏళ్ళ కిందట, కృష్ణ ఒడ్డు ఊళ్ళనుంచి ఉద్యోగాలకు వచ్చిన ఏడెనిమిది కుటుంబాలు ఒక ఇల్లు అద్దెకు తీసుకొని మొదలుపెట్టిన సమాజం అది. అందులో రాజులు లేరు, యుద్ధాలు లేవు. "వాన కురిసి నేల తడిసింది, నిలబడే ప్రార్థించాము." "ఈ ఏడాది నుంచి ఆడవాళ్ళనూ పదిమందిలో కలుపుకుంటున్నాము. ఎవరూ కాదనలేదు. కాదంటే మిగిలేది అయిదుగురం."

ఇక ప్రతి పేజీలోనూ ఒకే మాట — "ఇన్నయ్య గారి కోసం ఆగాము. వచ్చారు."

పదిమంది చేరనిదే వాళ్ళకు పూర్తి ప్రార్థన కుదరదు. ఆ పదో మనిషి ఎప్పుడూ ఇన్నయ్యే. కృపారాణి భర్త, కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. క్యాంపస్ గ్రౌండులో సున్నపు గీత మీద నిలబడి క్రికెట్ చూస్తూ, ఆట వదిలి రాలేక, వారం వారం ఆలస్యం చేసిన ఘనుడు.

శనివారం చీకటి పడింది. పుస్తకం చంకన పెట్టుకొని కమలాకర్ బయలుదేరాడు. గోడ అవతల గ్రౌండులో లైట్లు వేసి ఏదో మ్యాచ్ ఆడుతున్నారు. నంబర్లు చూసుకుంటూ సందు చివరికి వచ్చి, గుమ్మం ముందు ఆగాక గానీ అది ఏ ఇల్లో తట్టలేదు.

దీపం లేదు.

"...ఏడు కాదు... ఎనిమిది కాదు..."

కమలాకర్ కాళ్ళు కదల్లేదు.

"తొమ్మిది కాదు..."

నిట్టూర్పులు.

కాళ్ళు కదిలాయి! ఒక చెప్పు అటు, ఒక చెప్పు ఇటు ఎగిరిపోయాయి. పుస్తకాన్ని గుండెకు అదుముకొని ఉరుకుతుంటే, వెనక దీపం వెలిగింది. గొంతు వినిపించింది.

"బాబూ! ఆ పుస్తకం ఎటు పట్టుకుపోతున్నారు?"

కృపారాణి.

వట్టి కాళ్ళతో, వంచిన తలతో ఆయన వెనక్కి నడిచాడు.

"ఆకాశంలో మూడు చుక్కలు కనపడేదాకా మేం దీపం వెయ్యం," అందామె. "మనుషుల్ని లెక్కపెట్టకూడదని మా పెద్దల మాట. అందుకే కాదు కాదంటూ లెక్కపెట్టుకుంటాం. మీరేమనుకున్నారు?"

"ఏమనుకోలేదమ్మా," అన్నాడు కమలాకర్, ఎగపోస్తూ.

వాళ్ళమ్మ బుచ్చవ్వ వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా 'లాభం' అని మొదలుపెట్టడం ఆయనకు గుర్తొచ్చింది. పిల్లల్ని లెక్కపెడితే నోటి మీద కొట్టేది. ఉన్నదాన్ని ఉన్నదని పైకి అంటే పోతుందేమోనన్న బెంగ అన్ని ఇళ్ళలోనూ ఉంటుంది కాబోలు.

లోపల తొమ్మిదిమంది ఉన్నారు. ఇన్నయ్య పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. తెల్లవారితే ఇల్లు ఖాళీ చేయాలి. ఓనరు పడగొట్టి అపార్ట్‌మెంటు కడతాడట.

"ఈ గోడల మధ్య ఆయన పేరున ఒక్కసారి, పోయినవాళ్ళ కోసం చదివే ప్రార్థన వినాలని బాబూ," అంది కృపారాణి. "పదిమంది లేనిదే చదవకూడదు. మల్కాజ్‌గిరి నుంచి రవికాంత్ రావాలి..."

"ఇక రాడు అక్కయ్యా. లేద్దాం," అన్నాడు కార్యదర్శి ప్రేమ్ కుమార్, మెల్లగా.

అప్పుడే అరుగు మీద చెప్పులు విడిచిన చప్పుడు.

"వచ్చాడు! బాబూ, మీరు మావాళ్ళు కారుగా, మీరు లెక్కపెట్టొచ్చు. అయినా మనుషుల్ని వద్దు, చెప్పుల్ని చూసి రండి," అన్నాడు ప్రేమ్ కుమార్.

కమలాకర్ తొంగి చూసి, రెండుసార్లు లెక్కపెట్టాడు.

"పది జతలున్నయ్ సార్."

ఉన్న ఒక్క బల్బు వెలుగు వెనక తలుపు దాకా పోదు. అక్కడ ఎవరో నిలబడినట్టే ఉంది. ప్రార్థన సాగింది. అందరూ "ఆమేన్" అన్న ప్రతిసారీ, వెనకనుంచి ఒక "ఆమేన్" కాస్త ఆలస్యంగా వచ్చింది. కృపారాణి కళ్ళు మూసుకొని నవ్వింది.

అంతా అయ్యాక ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఫోను తెరిచిన ప్రేమ్ కుమార్ ముఖం మారింది. "రవికాంత్... ఇంకా మల్కాజ్‌గిరి రైల్వే గేటు దగ్గరే ఉన్నాడట!"

కమలాకర్‌కు తన లెక్క గుర్తొచ్చింది. ఎంత పని చేశాడు! ముసలావిడకు మిగిలిన ఒక్క అవకాశాన్ని చెడగొట్టాడు. ఆమె దగ్గరకు పోయి గొంతు తగ్గించాడు.

"మాఫ్ చెయ్యుండ్రి అమ్మా... భయంల నా చెప్పులు గూడ కలిపి లెక్కవెట్టినట్టున్న."

ఆమె ఆయన పాదాల వైపు చూసింది.

"మీ చెప్పులెక్కడివి బాబూ? సందులో వదిలేసి పరిగెత్తారుగా. ఒకటి మురిక్కాలవలో పడింది కూడాను."

ఇద్దరూ అరుగు వైపు తిరిగారు. కృపారాణి చెప్పులు. ప్రేమ్ కుమార్ చెప్పులు. వాటి పక్కన... పాత తోలు చెప్పుల జత ఒకటి. అంచులంతా తెల్లటి సున్నం.



ప్రేమ్ కుమార్ పుస్తకం చివరి పేజీ తెరిచాడు. "ఏం... ఏం రాయమంటారు అక్కయ్యా?"

"ఎప్పుడూ రాసేదే రాయి నాయనా."

రాశాడు — "ఇన్నయ్య గారి కోసం ఆగాము. వచ్చారు."

సిరా ఆరేలోగా కమలాకర్ మళ్ళీ అరుగు వైపు చూశాడు. రెండు జతలే ఉన్నాయి. మెట్ల మీద సున్నపు అడుగులు దిగి పోతున్నాయి... మనిషి చాలా తొందరలో ఉన్నట్టు, ఒకదానికొకటి బారెడు దూరంలో.

గోడ అవతల గ్రౌండులో ఎవరో సిక్సర్ కొట్టినట్టున్నారు. కేకలు మిన్నంటాయి. అన్నీ ఆగిపోయాక, కాస్త ఆలస్యంగా, ఇంకొక కేక వినిపించింది.