తేడాలేమీ లేవు

మామిడికుదురు దగ్గర పంటకాలువలో, గుర్రపుడెక్క మధ్య ఆనందరావు శవం తేలింది. గ్యాస్ పైపులైను కంట్రోల్ రూమ్‌లో ఇంజినీరు. చచ్చిపోయేముందు ఢిల్లీకి ఒక్క మెసేజ్ పంపాడు: "సాఫ్ట్‌వేర్‌లో విదేశీ చెయ్యి పడింది. గురువారం పదకొండు."

గురువారం పది యాభైకి ఏజెంట్ క్రాంతికుమార్ ఏసీ మెకానిక్ వేషంలో ఆ కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టాడు.

"లేత కొబ్బరి దింపేరాండీ?" కోడ్‌వర్డ్ విసిరాడు.

"ముదురు కాయలేనండీ," బదులిచ్చాడు ఆపరేటర్ కృపారావు, పళ్ళు కొరుకుతూ. "ఆనందరావుగారు బతికుండగా రావడానికి మీకు తీరలేదాండీ?"

ఆ మాట గుచ్చుకుంది. క్రాంతికుమార్ వాచీ చూసుకున్నాడు.

"పదకొండుకి ఏం జరుగుతుంది?"

"అలారం ప్రోగ్రామ్ కొత్త ఫైలు అమల్లోకొస్తుందండీ. ఈలోగా నేను రిజెక్ట్ నొక్కితేనే ఆగుతుంది. ఆ పైపులైను మా ఆవిడ సువర్ణ పాఠాలు చెప్పే బడి వెనకనుంచే పోతుంది."

"మరి నొక్కలేదేం?"

"పాత ఫైలు ఎడమపక్క, కొత్తది కుడిపక్క పెట్టి పోల్చే టూల్ ఉందండీ. 'తేడాలేమీ లేవు' అంటోంది." కాస్త నసిగాడు. "నేను ముట్టుకున్న ఫైలు పైన ఆ రోజు బైబిల్లో చదివిన కీర్తన నంబరు రాసుకుంటానండీ. నిన్న ఇందులోనూ రాసేను. అదీ కనబడ్డంలేదు."

"ఎవరికీ చెప్పలేదా?"

"నిఖిత మేడమ్ గారు పెట్టిన టూల్ కదండీ. అంత చదువుకున్నావిణ్ణి తప్పుపడితే ఏం బాగుంటుంది?"

క్రాంతికుమార్‌కి ఒళ్ళు మండిపోయింది. ఈ మర్యాద తగలెయ్య! ఒక మనిషి ప్రాణం పోయింది, రేపు బడి పోతుంది, ఈయనకి మొహమాటం!

ఫైళ్ళలో మార్పుల లెక్క ఉంచే గిట్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు గబగబా తెరిచాడు. టూల్‌కి ఏ రెండు ఫైళ్ళు అందించాలో చెప్పే లైను ఒకటుంది. ముందు పాతది, తర్వాత కొత్తది ఉండాలి. రెండు చోట్లా పాతదే ఉంది. పాత ఫైల్ని దానితోనే పోలిస్తే తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? రెండోచోట కొత్త ఫైలు పెట్టి సేవ్ చేశాడు. టూల్‌ని పిలిచే కమాండ్ టైప్ చేశాడు.

"చేతులు తియ్, క్రాంతీ."

గుమ్మంలో నిఖిత. పట్టుచీర, చల్లటి నవ్వు, చేతిలో సైలెన్సర్ పిస్టల్. సాఫ్ట్‌వేర్ హెడ్ వేషంలో ఆమెని ఇక్కడ పెట్టింది క్రాంతికుమార్ డిపార్ట్‌మెంటే.

"మన జీతం తింటూ..."

"జీతం మీది. పని వేరేవాళ్ళది. అది కనిపెట్టబట్టే ఆనందరావు నా చేతిలో పోయాడు. ఒక్క నిమిషం కదలకండి, చాలు."

క్రాంతికుమార్ చేతులు తీస్తూ చిటికెనవేలితో ఎంటర్ నొక్కేశాడు. టూల్ తెరుచుకుంది. కీర్తన నంబరు కింద ఒక ఎర్ర గీత. లీక్ అలారం హద్దు ఎడమపక్క నలభై, కుడిపక్క నాలుగు వేలు. గ్యాస్ ఎంత లీకైనా గంట మోగదు.

కృపారావు మొహం కందగడ్డయింది. అతని చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది. పిస్టల్ అతని వైపు తిరిగింది. క్రాంతికుమార్ విసిరిన స్పానర్ నిఖిత మణికట్టుకి తగిలింది. గుండు సీలింగులో దిగింది, పిస్టల్ కిందపడింది.

కృపారావు రిజెక్ట్ నొక్కేశాడు! పదకొండుకి ఇంకా రెండు సెకన్లున్నాయి.

మరుక్షణం పిస్టల్ కృపారావు చేతిలో ఉంది. కోపంతో నిఖితకి గురిపెట్టాడు.

"మేడమ్ గారూ, దయచేసి చేతులు పైకెత్తండి. లేకపోతే కాల్చేస్తానండీ!"

ఆనందరావుని చంపినదానికి ఇంత మర్యాదేమిటని క్రాంతికుమార్‌కి నోటిదాకా వచ్చింది. కానీ పిస్టల్ కృపారావు చేతిలో ఉంది కాబట్టి ఊరుకున్నాడు.