ఖండకేతు ఎత్తుకుపోయిన మాట

పిల్లలూ, ఈ కథలో రాజులు ముగ్గురున్నారు. ముగ్గురూ పనికిమాలినవాళ్ళే. అందుచేత వాళ్ళ పేర్లు చెప్పి మీ బుర్ర పాడుచేయను.

సముద్రంలోకి కాలు చాపుకున్నట్టుండే దేశం ఒకటుండేది. పైన మంచుకొండలు, మూడువైపులా ఉప్పునీళ్ళు. ఒకప్పుడు అదంతా ఒకే దేశం. మంచుకొండల అవతలనుంచి ఖండకేతు అనే మాంత్రికుడొచ్చి దాన్ని కొండసీమ, నడిమిసీమ, కడలిసీమ అని మూడు ముక్కలు చేశాడు. మధ్యన మబ్బులను తాకే గోడలు లేపాడు, ముక్కకొక రాజును కూర్చోబెట్టాడు. పోతూ పోతూ జనం నాలుకల మీది 'మన' అనే మాటను కూడా ఎత్తుకుపోయాడు. ఇక అందరి నోటా 'మా', 'మీ' తప్ప మరొకటి లేదు. నడిమిసీమలో ఊళ్ళు తగలబడితే కడలిసీమవాళ్ళు, "మా ఇల్లు కాదుగా!" అని తలుపులు వేసుకునేవారు. సిగ్గులేని బతుకు!

కడలిసీమలో ఓబన్న అనే అద్దకంవాడున్నాడు. ఒకనాడు ఎర్రబట్టలు ఆరవేస్తూ, "గోడకు అవతలున్నవాళ్ళు మాత్రం పరాయివాళ్ళా?" అన్నాడు. అంతే, ఖండకేతు శాపం తగిలి అతని పాదాలు రాయి అయ్యాయి. మర్నాటికి మోకాళ్ళ దాకా పాకింది. ఏడో రోజుకు అది గుండెను చేరుతుందని ఊరందరికీ తెలుసు.

అతని కూతురు చెంగల్వకు పద్నాలుగేళ్ళు. ఏడుస్తూ కూర్చునే రకం కాదు.

"నాయనా, ఆ దొంగవెధవ ఎక్కడుంటాడు?" అని అడిగింది.

"మంచుకొండ గుహలోనమ్మా. ఆ మాటను ఇనప్పెట్టెలో దాచాడట. అది తిరిగొస్తే శాపాలన్నీ విడిపోతాయంటారు. నువ్వెళ్ళకు తల్లీ, రెండు గోడలు దాటాలి."

"గోడలు కట్టింది వాడు. నేనెందుకు ఆగాలి?" అని చెంగల్వ ఎర్రబట్ట ఒకటి నడుముకు బిగించి బయలుదేరింది.

మొదటి గోడ దగ్గర నడిమిసీమ కాపలావాడు సింగడు బల్లెం అడ్డం పెట్టాడు. "ఏయ్ పిల్లా! మా సీమలో నీకేం పని?"

"అన్నా, ఈ గోడ లేవకముందు మీవాళ్ళెవరూ మా వైపు రాలేదా?"

సింగడి బల్లెం కిందికి జారింది. "మా చెల్లిని మీ కడలిసీమలో ఉప్పుపాలెం ఇచ్చాం. పదేళ్ళయింది. పిల్లలున్నారో లేదో కూడా తెలీదు."

"మరి ఎవరు రాకుండా కాస్తున్నావు? ఆవిడేనా?"

సింగడు బల్లెం భుజానికెత్తుకున్నాడు. గోడ తలుపు తీసి, తనూ ఆమె వెంట నడిచాడు.

రెండో గోడ కింద మేకలు దూరే కంత ఒకటి కనబడింది. అందులోంచి పాకి తల బయటపెట్టారో లేదో, నెత్తిమీదికి కర్ర లేచింది. ఆ కర్ర కొండసీమ మేకలకాపరి బయ్యమ్మది.

"మా కొండ మీదికి దొంగల్లా దూరతార్రా!"

"దూరక ఏం చెయ్యమంటావవ్వా? మా నాయన రాయైపోతున్నాడు," అంది చెంగల్వ. ఆకలికి ఆ పిల్ల మాట కూడా సరిగ్గా రావడం లేదు. బయ్యమ్మ కర్ర దించి, పొయ్యి వెలిగించి, సొరకాయ తరగసాగింది.

"అది సొరకాయేంటి, ఆనపకాయ," అన్నాడు సింగడు.

"మా కొండమీదికొచ్చి మా కాయకే పేరు పెడతావా?"

"మా తాతల్నాటినుంచీ ఆనపకాయే!"

నువ్వెంతంటే నువ్వెంతనుకున్నారు. తీరా చూస్తే కూర మాడి బొగ్గయింది.

"ఇప్పుడు ఏ పేరైనా పెట్టుకోండి," అని చెంగల్వ మండిపడింది. "ఆ మాడుకూర ముగ్గురమూ తినాలి. నాయనకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి, ఇంక కదలండి!"

బయ్యమ్మకు నవ్వొచ్చింది. మాడుకూరే తిన్నారు. గుహకు దారి ఆమెకు తెలుసు గనక, గొణుక్కుంటూనే ముందు నడిచింది.

ఏడో రోజు మధ్యాహ్నానికి గుహ చేరారు. వాకిట్లో గండభేరుండం కూర్చునుంది. దానికి రెండు తలలు. "వచ్చింది నా తిండి!" అని ఒక తల, "కాదు, నాది!" అని రెండో తల పొడుచుకుంటున్నాయి. వాటి వెనకనుంచి ఖండకేతు ఇనప్పెట్టె చంకనపెట్టుకుని వచ్చాడు.

"ముసలీ, నీ కొండకు ఏ రాజూ లేకుండా చేస్తాను. ఒరేయ్ సింగా, నీ చెల్లెల్ని రేపే నీ ఇంటికి చేరుస్తాను. ఈ పిల్లను మాత్రం నాకొదిలి వెళ్ళండి. మీ సీమ పిల్ల కాదుగా!"

సింగడు తల వంచుకున్నాడు. బయ్యమ్మ చెంగల్వను ఎగాదిగా చూసింది.

"నిజమే, ఇది మా సీమ పిల్ల కాదు," అంది.

చెంగల్వ రెండడుగులు వెనక్కి వేసింది. ముసలమ్మ మాత్రం ఒక్క అడుగు ముందుకేసి కర్ర ఎత్తింది.

"మన పిల్ల! వేలేసి చూడరా, తేల్చుకుందాం!"

కొండ దద్దరిల్లింది. సింగడు తలెత్తి, "అవున్రా, మన పిల్లే!" అని బల్లెం ఎత్తాడు. ఖండకేతు కంగారుపడేసరికి పెట్టె జారిపడి మూత తెరుచుకుంది. లోపల ఏమీ లేదు. ఎప్పుడూ లేదు కూడా! భయపడి జనమే ఆ మాట మింగేశారు.

గండభేరుండం తలలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"మన పొట్ట ఒక్కటే కదూ?" అంది ఒకటి.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు కొట్టుకు చచ్చాం?" అంది రెండోది.

ఒకటి ఖండకేతు జుట్టు, ఇంకొకటి కాళ్ళు కరిచిపట్టుకుని మంచుకొండల అవతలికి ఎగిరిపోయాయి. మళ్ళీ వాడు రాలేదు.

గోడలు ధడేలుమని కూలాయి. కడలిసీమలో ఓబన్న గుండెకు వేలెడు దూరంలో ఆగిన రాయి పెచ్చులు పెచ్చులుగా రాలింది. చెంగల్వ ఇల్లు చేరేసరికి అతను గడపలో నిలబడి ఉన్నాడు. "ఇంత ఆలస్యమా!" అని కసిరి, కూతుర్ని పట్టుకుని భోరున ఏడ్చాడు.

ఆ మర్నాడే రాజులు ముగ్గురూ ఏనుగులెక్కి, సైన్యాలతో వచ్చారు. ఎదురుగా మూడు సీమల జనం కిక్కిరిసి ఉన్నారు. ముందువరసలో సింగడు, అతని పక్కన ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని అతని చెల్లెలు.

"మా గోడలు పడగొట్టింది ఎవర్రా?" అని పెద్దరాజు గర్జించాడు.

"మేం!" అన్నారు అందరూ.

ఆ 'మేం'లో మూడు సీమల మనుషులూ ఉన్నారు. లేనిది ఏనుగుల మీదున్న ముగ్గురే. అది విని సైనికులు ఒక్కొక్కరే బల్లేలు దించి జనంలో కలిశారు.

"అయితే... ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నాడు పెద్దరాజు, గొంతు తగ్గించి.

"ముందు దిగండి," అంది చెంగల్వ. "ఈ దేశాన్ని ఇక మేమే ఏలుకుంటాం."

దిగారు. దిగక చస్తారా!