ఫ్రీజర్‌లో తమ్ముడు

డాక్టర్ లోక్ మధ్యాహ్నం పన్నెండింటికి బతికే ఉన్నాడు. పన్నెండుంబావుకి లేడు. హనోయ్‌లో రోజూ కూర్చునే కొట్టులోనే ఐసు కాఫీ సగం తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్లమీద పెట్టి, తల వాల్చేశాడు. కాఫీ తెచ్చిచ్చిన మనిషిని ఆ కొట్టులో అంతకుముందు ఎవరూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మూడు గంటలకి ఏజెంట్ థియెన్ కల్నల్ దోవాన్ గదిలో ఉన్నాడు. కల్నల్‌కి ఎడమవైపు కుర్చీ చూసి కూర్చున్నాడు. థియెన్‌కి ఎడమ చెవి పనిచేయదు. ఆయన మాట కుడి చెవిన పడాలి.

"లోక్ చనిపోయాడు. చావు కబురు చల్లగా చెబుతున్నాననుకోకు, టైము లేదు," అన్నాడు కల్నల్. "స్ట్రెప్టోకాకస్. పందుల్లో ఉంటుంది. పచ్చి నెత్తురు తిన్నవాడి మెదడుకెక్కుతుంది. అదేంటో నీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదు సర్."

"నామ్ దిన్ ల్యాబ్‌లో ఆరువందల పన్నెండు నమూనాలున్నాయి. ముప్పై ఏళ్లుగా రోగుల ఒంట్లోంచి తీసినవి. పైకి అన్నీ ఒకటే క్రిమి. జన్యువులు చూస్తే నలభై మూడు కుటుంబాలు. ఏ కుటుంబం బుద్ధి దానిదే. పైగా పక్కింట్లో ఉప్పు అడిగి తెచ్చుకున్నట్టు, మందుని తట్టుకునే జన్యువుల్ని ఒకదాన్నుంచి ఇంకోటి తెచ్చుకుంటాయి. ఇప్పుడు కొంగ ముఠా ఒక కొత్త మందు పట్టుకొచ్చింది."

కొంగ అంటే డిపార్ట్‌మెంటు పెట్టిన కోడ్ పేరు. మూడు దేశాల దొంగలు, ఒక్క బ్యాంకు ఖాతా.

"అన్నిటినీ చంపుతుందంటారు. లోక్ పరీక్ష చేశాడు. చచ్చేది ఒక్క కుటుంబమే. మిగతా నలభై రెండూ దాన్ని చెరుకురసంలా తాగేస్తాయి. ఎల్లుండి సంతకం పడితే దేశంలో ప్రతి ఆసుపత్రికీ అదే మందు."

"లోక్ రిపోర్టు?"

"బూడిద. మిగిలిన సాక్ష్యం ఒకటే. కుటుంబానికొకటి చొప్పున లోక్ ఏరిపెట్టిన నలభై మూడు సీసాల పెట్టె. మళ్లీ ఏరాలంటే నెలలు పడుతుంది. రేపు రెండింటికి మన కోల్డ్ వ్యాన్ వస్తుంది. అప్పటిదాకా ఆ పెట్టె నీ ప్రాణం అనుకో."

"తుపాకీ?"

"ల్యాబ్‌లోనా? నీకు పిచ్చా?" కల్నల్ బఠాణీ గింజంత గుండీ ఒకటి ముందుకు తోశాడు. "చెవిటి చెవిలో పెట్టుకో. మూడుసార్లు నొక్కితే మా వాళ్లు గేటు మూసేస్తారు. అక్కడ మన మనిషి డాక్టర్ క్విన్ ఉంటుంది. ఎర్రనది పొంగిందా అని అడుగు. గట్టు దాటలేదంటుంది."

మర్నాడు పొద్దున్నే థియెన్ ఫ్రిజ్ మెకానిక్ వేషంలో నామ్ దిన్ ల్యాబ్ మెట్లెక్కాడు. ఆ వేషం అతనికి కొత్త కాదు. ఏటా ఒకరోజు అదే నీలం చొక్కా, అదే పనిముట్ల సంచితో వస్తాడు. ల్యాబ్ పెద్ద డాక్టర్ ఉయెన్‌కి తప్ప అతనెవరో ఎవరికీ తెలియదు. ఏటా అతను వచ్చేది తమ్ముడు ఖాంగ్ పోయిన తిథినాడు.

పన్నెండేళ్ల కిందట థియెన్‌కి ప్రమోషన్ వచ్చింది. అన్నదమ్ములిద్దరూ విందు చేసుకున్నారు. పంది పచ్చి నెత్తురు గడ్డకట్టించి, పల్లీలు చల్లిన తియెత్ కాన్ గిన్నె మధ్యలో పెట్టారు. ఎరుపు తింటే కలిసొస్తుందని అక్కడి నమ్మకం. ఖాంగ్ వద్దన్నాడు. "ఆడపిల్లలా ముక్కు మూసుకుంటావేంరా, తిను!" అని గిన్నె ముందుకు తోసింది థియెనే. ఖాంగ్ నిమ్మకాయ పిండాడు. "ఇది పడితే క్రిములన్నీ చస్తాయిలే అన్నయ్యా," అని నవ్వి తిన్నాడు. నాలుగో రోజుకి పోయాడు. థియెన్ బతికాడు. ఎడమ చెవి పోయి, దాని బదులు ఒక జోరీగ వచ్చి చేరింది. పగలూ రాత్రీ అదే రొద. ఒక్కోసారి ఆ రొదలో తమ్ముడి నవ్వు వినిపిస్తుంది. అది రోగమని డాక్టర్లన్నారు. థియెన్ ఎదురు చెప్పలేదు, నమ్మనూ లేదు.

ఫ్రీజర్‌లో 417వ సీసా ఖాంగ్‌ది. పక్కనే 418, థియెన్‌ది. ఒకే పంది, ఒకే గిన్నె, ఒకే క్రిమి. తమ్ముడి అస్థికలు మట్టిలో ఉన్నాయి గానీ, వాడి ఒంట్లో పుట్టి ఇంకా ప్రాణంతో ఉన్నది ఆ సీసా ఒక్కటే. వాణ్ని చంపింది కూడా అదే కదా అంటే, అవును, అదే. మనసుకి అంత లెక్క తెలిస్తే ఇంకేం కావాలి! ల్యాబ్‌లో పొగ పనికిరాదు కాబట్టి ఏటా వెలిగించని అగరబత్తి ఒకటి రెండు చేతులా పట్టుకుని, ఫ్రీజర్ ముందు కాసేపు నిలబడి వెళ్లేవాడు.

"ఎర్రనది పొంగిందా?" అన్నాడు కారిడార్‌లో.

"గట్టు దాటలేదు," అంది డాక్టర్ క్విన్. తెల్లకోటు తొడుక్కున్నా సినిమా పోస్టర్ మీంచి దిగొచ్చినట్టుంది. స్ట్రెప్టోకాకస్ మీద ఎనిమిదేళ్లు పరిశోధన చేశానంది. నలభై మూడు కుటుంబాల పేర్లూ గడగడా అప్పజెప్పింది. మధ్యాహ్నానికల్లా థియెన్‌కి ఆమె మీద నమ్మకంతో పాటు ఇంకేదో కూడా కలిగింది. ఏజెంట్లూ మనుషులే.

ఆ రోజు చాంద్రమాసంలో మొదటి తేదీ. ఫ్రీజర్ గదికి రెండు తాళాలు వేయించి, కాపలాదారుణ్ని తలుపు దగ్గర కూర్చోబెట్టి, ఉయెన్, క్విన్, థియెన్ ముగ్గురూ ఎదుటి హోటల్‌కి వెళ్లారు. హోటల్ పెద్దావిడ అడక్కుండానే ఎర్ర గిన్నె తెచ్చిపెట్టింది.

"నెల మొదలు. తినండి, కలిసొస్తుంది!"

"ఏమ్మా, నా మీద పగబట్టావా?" అని ఉయెన్ గిన్నెని అటు తోసేసింది. "ముప్పై ఏళ్లుగా చెబుతున్నా, మా ల్యాబ్‌లో కుక్క కూడా దీన్ని ముట్టదు."

"మీరు మరీ భయపెడతారు డాక్టరమ్మా," అంది క్విన్. నిమ్మచెక్క తీసుకుని గిన్నెలో పిండింది. "ఇది పడితే క్రిములన్నీ చస్తాయి." చెంచాతో తీసుకుని తింది కూడా. తర్వాత పెదాలు తుడుచుకుని, చేతులు కడుక్కొస్తానని లేచింది.

థియెన్ చెవిలో జోరీగ ఒక్కసారి గట్టిగా రొద పెట్టింది. అచ్చం ఖాంగ్ మాటే, అక్షరం పొల్లుపోకుండా. తమ్ముడు మళ్లీ చచ్చినంత దుఃఖం కమ్మింది. ఆ దుఃఖంలో అసలు సంగతి బుర్రకెక్కడానికి ఒక నిమిషం పట్టింది.

"డాక్టరమ్మా, నిమ్మరసానికి ఇది చస్తుందా?"

"చావదు నాయనా. మొదటి వారంలోనే పిల్లలకి నేర్పే పాఠం అది."

"మరి ఎనిమిదేళ్లు చదివినావిడకి తెలీదా?"

ఉయెన్ మొహం పాలిపోయింది. "రెండో తాళంచెవి ఆ పిల్ల దగ్గరే ఉంది. మొదటిది కాపలాదారు దగ్గర..."

థియెన్ అప్పటికే రోడ్డు దాటేశాడు. పరుగెడుతూనే చెవిలో గుండీ మూడుసార్లు నొక్కాడు. క్విన్ కొంగ ముఠా మనిషి! ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గట్టు దాటిన నదిని గట్టు దాటలేదని నమ్మి కూర్చున్నందుకు తనని తనే తిట్టుకున్నాడు.

కాపలాదారు తలుపు దగ్గర స్పృహ లేకుండా పడి ఉన్నాడు. లోపల ఎడమ గోడవైపు ఆటోక్లేవ్ హోరుమంటోంది. క్రిముల్ని ఆవిరిలో ఉడికించి చంపే పెద్ద ఉక్కు కుక్కర్ అది. నలభై మూడు సీసాల పెట్టె అందులో ఉంది. బయట వేడి ఎన్ని డిగ్రీలో చూపే ఎర్ర అంకెలు: 34.

కుడి గోడ దగ్గర క్విన్ నిలబడి ఉంది. కాళ్ల దగ్గర బ్లీచ్ నీళ్ల బకెట్. చేతిలో మూత తీసిన చిన్న సీసా.

"కదలకు మెకానిక్," అంది. "నాలుగు వందల పదిహేడు. చదవమంటావా?"

థియెన్ ఆగిపోయాడు.

"నీకెలా తెలుసు?"

"ఫ్రీజర్‌కి అగరబత్తి పట్టే మెకానిక్‌ని ఈ ఊళ్లో ఎవరు మర్చిపోతారు? కాపలాదారు కథలు కథలుగా చెప్పాడు. తేదీ చూశాను, రిజిస్టర్ చూశాను. ఖువత్ ఖాంగ్, ఇరవై ఆరేళ్లు." ఆమె గొంతు మెత్తబడింది. "చూడు, నీ తమ్ముడితో నాకు పగేం లేదు. అరవై దాటితే అక్కడున్నవన్నీ చస్తాయి. రెండే నిమిషాలు. ఉన్నచోటే ఉండు, వీణ్ని నీ చేతికిచ్చి వెళ్లిపోతాను."

39.

ఎడమవైపు స్విచ్ నాలుగు అంగల్లో ఉంది. కుడివైపు క్విన్ నాలుగు అంగల్లో ఉంది. రెండువైపులకీ ఒకే మనిషి వెళ్లలేడు.

44.

'అన్నయ్యా' అని వినిపించింది చెవిటి చెవిలో. పన్నెండేళ్లుగా క్షమించమని అడగడానికి థియెన్‌కి ఉన్న చోటు ఆ సీసా ఒక్కటే. అది పోతే ఎవర్ని అడగాలి?

"దేశానికి ఇంకో రిపోర్టు వస్తుందిలే," అంది క్విన్. "తమ్ముడు రాడు."

49.

రేపు సంతకం పడుతుంది. వచ్చే నెల మొదటి తేదీకి ఎక్కడో ఎవరో అన్న ఎవరో తమ్ముడి ముందుకి గిన్నె తోస్తాడు. జ్వరంతో ఆసుపత్రికి తెస్తారు. పనికిరాని మందు ఎక్కిస్తారు. థియెన్‌కి ఆ తమ్ముడి మొహం కూడా కనిపించింది. అది ఖాంగ్ మొహంలాగే ఉంది.

"నన్ను క్షమించరా," అని పైకే అన్నాడు. ఎడమవైపు దూకాడు.

వెనక బకెట్‌లో సీసా పడిన చప్పుడు వినిపించలేదు. అది ఆటోక్లేవ్ హోరులో కలిసిపోయింది. స్విచ్ పీకేశాడు, కాలుతున్న మూతచక్రాన్ని వట్టి చేతుల్తో తిప్పాడు. అంకె 57 దగ్గర ఆగింది. పెట్టె బయటికి లాగితే, గట్టిగా గడ్డకట్టి వచ్చిన సీసాల నడుమ ఇంకా సన్నటి మంచు మిగిలే ఉంది. వెనక్కి తిరిగేసరికి క్విన్ లేదు. గేటు దగ్గర కల్నల్ మనుషులు ఆమెకి బేడీలు వేసి ఎంతో గౌరవంగా జీపెక్కిస్తున్నారు.

రెండింటికి వ్యాన్ వచ్చింది, పెట్టె వెళ్లింది. నలభై మూడూ బతికే ఉన్నాయని సాయంత్రం హనోయ్ నుంచి కబురొచ్చింది. సంతకం ఆగిపోయింది.

ఉయెన్ అతని అరచేతులకి మందు రాసి కట్టు కడుతూ, ఏం మాట్లాడాలో తెలియక సైన్సు మాట్లాడింది.

"శాస్త్రానికి నష్టమేం లేదు నాయనా. నీ 418 అచ్చం అదే క్రిమి. జన్యువుల్లో ఒక్క అక్షరం తేడా లేదు."

"తెలుసు డాక్టరమ్మా. ఒక్క అక్షరం తేడా లేకుండానే ఒకణ్ని తీసుకెళ్లి ఒకణ్ని వదిలేసింది."

ఆవిడ కళ్లొత్తుకుంది. "417 గడి ఖాళీగా ఉంది. పొద్దున్నే కొత్త రోగి నమూనా వస్తుంది. అందులో పెట్టేయనా?" అంది.

థియెన్ ఫ్రీజర్ వైపు చూశాడు. చెవిలో జోరీగ మామూలుగానే రొద పెడుతోంది.

"వద్దు, నా పక్కన ఆ చోటు అలాగే ఉంచండి," అన్నాడు. "వాడికి ప్రతిదానికీ ఆలస్యంగా రావడం అలవాటు."