తాళం వేసిన ఇంటి సిగ్నల్

ఆ సందులో చివరి ఇంటి ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరట. మాస్టారు పోయి ఏడాదైంది, ఇంటికి తాళం. అయినా కిటికీలో ఓ పచ్చ దీపం మిణుకుమంటూనే ఉంటుంది... అది ఆయన కన్నేనని కొందరు, వైఫై డబ్బా అని కొందరు. ఏదైతేనేం, అటు చూడకుండా పోవడమే మేలని అందరూ.

పక్కింటి టీచరమ్మకి మాత్రం ఆ రాత్రి దెయ్యాల గురించి ఆలోచించే తీరిక లేదు. ఎనిమిదింటికి ఆన్‌లైన్‌లో నమూనా పాఠం చెప్పాలి. బాగా చెబితే ఉద్యోగం, లేదంటే కథ మళ్లీ మొదటికి. సరిగ్గా ఇవాళే వీధి తవ్వి కేబుల్ తెంపేశారు. వాళ్లకి తవ్వడమే తెలుసు, పూడ్చడం తెలీదు! ఆ సందులోకి ఫోన్ సిగ్నలూ రాదు. ఎటైనా వెళ్దామంటే కుండపోత వాన.

"మాస్టారి వైఫై నిండుగా ఉంది," అన్నాడు మొగుడు గుసగుసగా. "మన రౌటర్‌ని దానికి తగిలిస్తా. పాస్‌వర్డ్ నీకు తెలుసుగా?"

తెలుసు. అప్పట్లో ఆయన రౌటర్ సర్దిపెట్టింది ఆమే.

తగిలించాడు. గీతలన్నీ వెలిగాయి... నెట్ లేదు.

ఆపి మళ్లీ వేశాడు. గీతలున్నాయి. నెట్ లేదు. ఇంకోసారి... ఊహూఁ.

"చేతకాకపోతే చేతకాదని చెప్పండి!" ఒళ్లు మండిపోయి అరిచింది. "సిగ్నల్ ఉండి నెట్ లేకపోవడమేంటి? అసలు మాస్టారికి నెట్ ఎక్కణ్ణుంచి—"

మాట ఆగిపోయింది. గుర్తొచ్చింది.

మాస్టారికి సొంత కనెక్షన్ ఏనాడూ లేదు. ఆమె ఆన్‌లైన్‌లో చెప్పే ట్యూషన్ పాఠాలు ఆయన రోజూ వినేవారు. "గోడ మీంచి సగమే వినపడుతోందమ్మా" అంటే, ఆయన రౌటర్‌ని తమ వైఫైకే తగిలించి ఇచ్చింది. అంటే ఇప్పుడు వీళ్ల డబ్బా ఆయన డబ్బాని అడుక్కుంటోంది, ఆయన డబ్బా వీళ్లదాన్ని. ఇద్దరు ముష్టివాళ్లు ఒకరి చిప్పలో ఒకరు చెయ్యి పెట్టినట్టు!

నవ్వలేక, ఏడవలేక కూలబడింది. ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరు. ఎనిమిది కావొస్తోంది.

అప్పుడు... ఎదురుగా ఆ కిటికీలో పచ్చ దీపం ఆరింది.

మళ్లీ వెలిగింది.

నెట్ వచ్చింది.

"లైను కలిపేసుంటారు!" గంతేశాడు మొగుడు.

ఆమె గబగబా పాఠం మొదలుపెట్టింది. కంగారులో మాటలు గొణుగుతోంది. ఎవరో అన్నారు, మెల్లగా— "గట్టిగా చెప్పమ్మా."

పరీక్షిస్తున్న వాళ్లలో ఎవరో అనుకుని గొంతు పెంచింది. ఆ తర్వాత ఎక్కడా తడబడలేదు. చివర్లో, సోమవారం వచ్చి చేరమన్నారు.

పొద్దున కేబుల్ అతను తలుపు కొట్టాడు.

"ఏమనుకోకండి మేడమ్. రాత్రంతా వీధి మొత్తానికి నెట్ లేదు. ఇప్పుడే కలిపాం."

మొగుడూ పెళ్లాలు మొహమొహాలు చూసుకున్నారు. కేబుల్ అతను వెళ్లగానే మొగుడు రౌటర్ దగ్గరికి పరిగెత్తాడు.

"మాస్టారి లింకు తీసేస్తున్నా... మన పాస్‌వర్డ్ కూడా మార్చేస్తా."

"మనం ఆయన్నుంచి తీసుకునేది తీసెయ్యండి," అంది ఆమె, కిటికీ వైపు చూస్తూ. "పాస్‌వర్డ్ మాత్రం మార్చకండి. సోమవారం నుంచి నాకు క్లాసులు. ఆయన వినొద్దూ?"