తలలోని నలుగురు

"మన ఏజెంట్లు ముగ్గురూ నోరు జారారు," అన్నాడు చీఫ్. "ఒక్క దెబ్బ కూడా తినకుండానే."

ఏజెంట్ మౌనం ఫైలు మూసింది. అవసరమైతే తప్ప మాట్లాడదు కాబట్టి ఆఫీసులో ఆమెకు ఆ పేరే స్థిరపడింది.

"ఎలా?"

"మాగ్నెటిక్ కాయిల్. ఆ విదేశీ ముఠావాళ్లు నుదుటి దగ్గర పెడతారు. దాని వెనకున్న భాగం కాసేపు మొద్దుబారుతుంది. మాట ఆపుకునే పట్టు సడలుతుంది." చీఫ్ కాగితం మీద తల బొమ్మ గీశాడు. "మెదడుకి ఇక్కడ ఒక్కడే మేనేజరున్నాడని వాళ్ల నమ్మకం. అదే పొరపాటు. ఇది నలుగురి పని. ముందున్నవాడు ప్లాను గుర్తుంచుకుంటాడు. వెనక పైనున్నవాడు దృష్టి చెదరనివ్వడు. మధ్యలో లోపలున్నవాడు తప్పు జరుగుతుంటే పసిగడతాడు. అడుగునున్నవాడు అలవాటైన పనికి గేటు తీస్తాడు."

"మరి మనవాళ్లు?"

"నిజాన్ని బిగబట్టుకు కూర్చున్నారు. వాళ్లు నిద్రపుచ్చేది ఆ బిగబట్టేవాడినే! నువ్వు దాచకు. అబద్ధాన్ని అలవాటు చేసుకో."

ఆఫీసు డిజిటల్ లాకరులో పదకొండుమంది ఏజెంట్ల పేర్లున్నాయి. ఆ పేర్లు బయటపడితే పదకొండు ప్రాణాలు పోతాయి. లాకరు కొత్త నంబరు ఏజెంట్ మౌనం ఒక్కదానికే తెలుసన్న సంగతిని చీఫ్ కావాలనే మెడికల్ వింగ్ డాక్టరు చెవిన వేశాడు. ఆ డాక్టరుకి ముత్యాల దుద్దులు, మెత్తని నవ్వు. ఇక్కడ ఉద్యోగం, ఆ ముఠాకి ఊడిగం.

మూడు వారాలు ఇంట్లో అత్తగారే ట్రైనరు. కోడ్ సెక్షన్‌లో రిటైరైన మనిషి. అంట్లు తోముతున్నా, బట్టలు పిండుతున్నా వెనకనుంచి వచ్చేది.

"నంబరెంతే?"

"నాలుగు ఎనిమిది రెండు ఆరు."

"ఆలోచించావు. మళ్లీ చెప్పు."

"అత్తయ్యా, నోట్లో బ్రష్షుంది!"

"నువ్వు పుక్కిలించేదాకా శత్రువు ఆగుతాడా?"

ఇరవై రెండో రోజు ఉదయం డాక్టరు చెకప్ పేరుతో క్లినిక్కి పిలిచింది. కుర్చీకి బెల్టులు బిగిశాయి. ముఠా నాయకుడు పిస్తోలు ఆమె కణతకి ఆనించాడు.

టక్. టక్. టక్. కాయిల్ మోగింది. తలలో పొగమంచు కమ్మింది. ఏం దాచాలో, ఎందుకు దాచాలో జారిపోతోంది.

"నంబరు చెప్పమ్మా," అంది డాక్టరు తియ్యగా.

పెదవులు నిజమైన అంకెకే విచ్చుకున్నాయి. అంతలో లోపలెక్కడో గంట కొట్టినట్టయింది. తప్పు! ఆ గంటని ఆపే కాయిల్ వాళ్ల దగ్గర లేదు. ఆమె పళ్లు బిగించింది.

డాక్టరు పవర్ పెంచి గద్దించింది. "నంబరెంత?"

బ్రష్షు నోట్లో ఉన్నప్పటిలాగే జవాబు దానంతటదే వచ్చింది. "నాలుగు ఎనిమిది రెండు ఆరు."

నాయకుడు ఒంటిచేత్తో లాప్‌టాప్‌లో లాకరు పేజీ తెరిచి టైప్ చేశాడు. స్క్రీన్ మీద "తెరుచుకుంటోంది" అని వెలిగి, కింద గీత నాలుగు నిమిషాలు మెల్లగా పాకింది. డాక్టరు నవ్వింది.

"నీ పని అయిపోయింది. ఆఖరి మాట ఏమైనా ఉందా?"

"ఉంది. అది లాకరు నంబరు కాదు. మీ అడ్రసు మా వాళ్లకి పంపే నంబరు."

ట్రిగర్ మీద నాయకుడి వేలు బిగిసింది. తలుపు బద్దలైంది. ఒక కమాండో బూటు కాలు పిస్తోలుని గాల్లోకి ఎగరేసింది. తూటా సీలింగుకి తగిలింది.

సంకెళ్లు పడ్డాక డాక్టరు నమ్మలేనట్టు అడిగింది. "నీ మెదడులో ఏ భాగం నన్ను మోసం చేసింది?"

"ఒక్కటే అనుకున్నారు చూడండి, అక్కడే మోసపోయారు."

మధ్యాహ్నం చీఫ్ తన గదిలో స్వయంగా లాకరు స్క్రీన్ ముందు కూర్చున్నాడు. "భేష్! ఇక లిస్టు చోటు మారుద్దాం. నంబరెంత?"

ఏజెంట్ మౌనం ఠక్కున చెప్పింది. చీఫ్ టైప్ చేశాడు.

నాలుగు నిమిషాల్లో కమాండోలు చీఫ్ గది తలుపు బద్దలుకొట్టారు.