విరిగిన పళ్ల సెట్టు

శనివారం ఉదయం 8.10.

వంటగదిలో కుర్చీలోనే రిటైర్డు టీచరమ్మ ప్రాణం వదిలింది. ముందు ప్లేటులో కొరికిన రొట్టె. గొంతులో కట్టుడు పళ్ల సెట్టు ముక్క.

ఊపిరాడక పోయిందన్నాడు పోలీసు డాక్టరు.

సెట్టు చేసింది వీధి చివరి పళ్ల మేస్త్రి. హస్తవాసి మంచిదని పేరు. లైసెన్సు మాత్రం లేదు. కొత్త చట్టం ప్రకారం డిప్లొమా లేనివాడు ఎవరి నోట్లోనూ వేలు పెట్టకూడదు. అతను చదివింది ఐదో తరగతి. షాపు సోదాలో పోయిన వారం ఇద్దరి నోళ్లకు తీసిన రెండు మైనం అచ్చులు దొరికాయి.

కేసు అరచేతిలో ఉసిరికాయ అనుకున్నాడు ఇన్‌స్పెక్టరు.

12.30కి మేస్త్రినీ, టీచరమ్మ కూతురినీ, లైసెన్సున్న పళ్ల డాక్టరునీ అదే వంటగదిలో కూర్చోబెట్టాడు.

"సెట్టు నువ్వే చేశావా?"

"నేనే సార్. మూడేళ్లయింది."

"ఎప్పుడు విరిగింది?"

"మొన్న సోమవారం. నా దగ్గరికే తెచ్చారు. ముట్టుకోనన్నాను."

అక్కణ్ణుంచి ఆవిడ తన క్లినిక్‌కి వచ్చిందనీ, ఖాళీ లేక ఇరవై ఆరు రోజుల తర్వాత రమ్మన్నాననీ డాక్టరు ఒప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు ముక్కను కిటికీ వెలుగులో తిప్పాడు.

"మేస్త్రీ, నువ్వు అతికితే ఎలా ఉంటుంది?"

"గులాబీ రంగు పొడి కలిపి ఉడకబెడతాను సార్. అతుకు కనపడదు."

"ఇక్కడ కనపడుతోంది. పొద్దుట్నుంచీ అందరం ముక్కనే చూశాం, దాని అంచు చూడలేదు. అంచున పసుపు పొర ఉంది. ఇది చెప్పులు అతికే జిగురు."

కూతురు తల దించుకుంది.

"ఐదు రోజులు పాలతోనే గడిపింది సార్. కాస్త రొట్టె తినాలని ఉందే అంది. నిన్న సాయంత్రం నేనే అతికించాను."

కాసేపటికి పేషెంట్లున్నారని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు.

టీచరమ్మది ప్రమాదమని ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. మిగిలింది ఆ రెండు అచ్చులు. లైసెన్సు లేని వైద్యం. మేస్త్రిని లేవమన్నాడు.

జీపు దగ్గర ఉండబట్టలేక అడిగాడు.

"అందరికీ చేస్తూనే ఉన్నావుగా. ఆవిడకెందుకు కాదన్నావు?"

"ఆ పొద్దున్నే కొత్త చట్టం నోటీసు వచ్చింది సార్. భయపడ్డాను." మేస్త్రి తన వేళ్లకేసి చూసుకున్నాడు. "పావుగంట పని. చట్టం మాట విన్నది ఆ ఒక్కరోజే."

ఇన్‌స్పెక్టరు జీపు తలుపు తీసి పట్టుకున్నాడు. మేస్త్రి ఎక్కాడు.