కిటికీ కింది కుర్చీ

"ఆ కుర్చీ కదపొద్దని చెప్పానా లేదా?"

"కదపకుండా ఊడ్చేదెలా ఓడెల్? నువ్వు గాల్లోకి ఎత్తి పట్టుకుంటావా?"

"అసలు ఊడవకు. పోయినేడు ఊడవలేదు, గెలిచాం."

కాఫీ దగ్గర మొదలైన గొడవ పది దాటినా చల్లారలేదు. నెల్డా చీపురు గోడకి ఆనించింది. థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళాక వచ్చే శనివారం అలబామాలో ఎవరూ పెళ్ళి ముహూర్తాలు పెట్టుకోరు. ఎర్ర చొక్కాల కాలేజీకీ, నీలం చొక్కాల కాలేజీకీ ఏడాదికొక్కసారి ఫుట్‌బాల్ ఆట ఆ రోజే. ఓడెల్ ఇల్లు మూడు తరాలుగా ఎర్రది. నెల్డా పుట్టిల్లు నీలం.

కిటికీ కింది కుర్చీ మామగారు హోరెస్‌ది. ఆయన పోయి పందొమ్మిదేళ్ళు. ఆట రోజున దానిలో ఎవరూ కూర్చోకూడదు. అలాగే ఆఖరి పదిహేను నిమిషాలు నెల్డా ఇంట్లో ఉండకూడదు. హోరెస్ చూసిన చివరి ఆటలో, సరిగ్గా ఆఖరి బంతి తన్నే క్షణాన ఆమె వంటింట్లోంచి ప్లేటు పట్టుకుని వచ్చింది. బంతి గోలు స్తంభాల పక్కనుంచి పోయింది, ఎర్రజట్టు ఓడిపోయింది. ఆ ఏటినుంచీ ఆ పదిహేను నిమిషాలూ ఆమె వాకిట్లో ట్రక్కులో కూర్చుంటుంది. లోపలి కేకల్ని బట్టి ఎవరు గెలుస్తున్నారో తెలుసుకుంటుంది.

"అమ్మా, నీ బొంత ట్రక్కులో పెట్టేశాను," అన్నాడు పెద్దవాడు గ్రేడీ, మిగిలిన టర్కీ మాంసం రొట్టెలో కుక్కుకుంటూ.

"ఈ ఏడు చలి ఎక్కువ, టోపీ కూడా పెట్టన్నయ్యా," అని నవ్వింది పదిహేడేళ్ళ లాటీ.

నెల్డాకి నవ్వు రాలేదు. పొద్దున్నుంచీ చేతిలో పని నిలవడం లేదు. కడిగిన గిన్నే మళ్ళీ కడిగింది. ఇక ఉండబట్టలేక అనేసింది.

"వెండెల్ ఫోన్ చేశాడు. ఆట చూడ్డానికి వస్తానన్నాడు."

వెండెల్ ఆమె తమ్ముడు. పందొమ్మిదేళ్ళుగా ఆ ఇంటి గడప తొక్కలేదు.

"రేపు రమ్మను," అన్నాడు ఓడెల్. "ఎల్లుండి రమ్మను. నేనే చేపలు వేయించి పెడతాను. ఇవాళ మాత్రం వద్దు."

"ఏప్రిల్‌లో ఐరీన్ పోయింది. పక్కన మనిషి లేకుండా వాడు చూడబోయే మొదటి ఆట ఇది. ఏమన్నాడో తెలుసా? నీలం చొక్కా వేసుకోనక్కా, గోలు పడినా నోరెత్తను, ఓ మూల కూర్చుంటాను అన్నాడు."

"మా నాన్న వాకిట్లో వాడు నీలం జెండా పాతినప్పుడు ఎక్కడికి పోయింది ఆ బుద్ధి?" ఓడెల్ గొంతు పెరిగింది. "ఓడిపోయిన మర్నాడు పొద్దున్నే ముసలాయన తలుపు తీసేసరికి ఎదురుగా అది! మూడో రోజుకి గుండె ఆగిపోయింది. పుండు మీద కారం చల్లినవాడికి నా ఇంట్లో కుర్చీ వెయ్యమంటావా?"

"డాడీ, మెల్లగా," అంది లాటీ.

నెల్డా చేతులు తుడుచుకుని వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఆ పొద్దున నేను అక్కడే ఉన్నాను ఓడెల్. మీ నాన్నకి వేడి బిస్కెట్ రొట్టెలూ మాంసం గ్రేవీ పట్టుకెళ్ళాను. ఆయన వాకిట్లో ఆ జెండా కర్ర పట్టుకుని నిలబడి నవ్వుతున్నాడు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. 'మీ తమ్ముడు గట్టివాడేనమ్మాయ్. వచ్చే ఏడు వాడి ఇంటి కప్పు మీద మనం ఎర్రది ఎగరేద్దాం. ఓడెల్‌కి ఇప్పుడే చెప్పకు, రెండ్రోజులు ఉడకనీ' అన్నాడు. ఆ రెండ్రోజులూ గడిచేలోగా ఆయనే పోయాడు."

ఓడెల్ టీవీ చప్పుడు తగ్గించాడు.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"అంత్యక్రియల రోజు చర్చి మెట్ల మీద నువ్వు వెండెల్‌ని వెళ్ళగొడుతుంటే చెప్పబోయాను. నీ మొహం చూసి ఆగిపోయాను. ఎవరో ఒకరి మీద కోపం లేకపోతే ఆ రోజు నువ్వు నిలబడలేకపోయేవాడివి. మర్నాడు చెబుదామనుకున్నా, మరుసటేడు చెబుదామనుకున్నా. తప్పు నాదే. ఆ తప్పుకి శిక్ష అనుకునే ఏటా నోరు మూసుకుని ట్రక్కులో కూర్చున్నాను. మీరేమో ఆ తప్పిన బంతి కోసం అనుకున్నారు."

ఓడెల్ తలుపు తీసుకుని బయటికి పోయాడు. గ్రేడీ లేవబోతే నెల్డా భుజం పట్టి కూర్చోబెట్టింది.

కిటికీలోంచి చూస్తే అతను ట్రక్కులో, ఆమె కూర్చునే వైపు, కూర్చుని ఉన్నాడు. బొంత ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి అతని భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో ఆమెకి తెలియలేదు. టీ కాచింది. చక్కెర రెండుసార్లు వేసింది.

అరగంటకి ఓడెల్ లోపలికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరి వైపూ చూడకుండా కిటికీ కింది కుర్చీ రెండు చేతులా పట్టుకుని టీవీ ముందుకి, తన కుర్చీ పక్కకి లాగాడు. అది ఉన్నచోట నేల మీద నాలుగు తెల్లటి మచ్చలు మిగిలాయి.

"డాడీ! మనం ఓడిపోతాం!" అన్నాడు గ్రేడీ హడలిపోయి.

"ఓడితే ఓడదాం." ఓడెల్ గొంతు సవరించుకున్నాడు. "అందరూ వినండి. ఇవాళ్టినుంచి మీ అమ్మ ట్రక్కులోకి వెళ్ళదు. వెండెల్ ఈ కుర్చీలో కూర్చుంటాడు. నెల్డా, వాడికి ఫోన్ చెయ్యి. నీలం చొక్కా వేసుకునే రమ్మను. లేకపోతే నేను తిట్టేదెవర్ని?"